క్విజ్‌లో నేను చెప్పిన తప్పు జవాబు



ఈ సంచికలో నేను రాష్ట్ర మంత్రివర్గం గురించి రాస్తున్నాను. "ఓలమ్మా, సోషల్ పాఠమా!" అని పక్కనున్న జోకుల దగ్గరికి వెళ్లిపోకండి. ఇది మంత్రుల చరిత్రే గానీ, మన చరిత్ర కూడా ఇందులో ఉంది. పైగా నా పరువుకి సంబంధించిన విషయం.

పోయిన నెల హాస్టల్‌లో జరిగిన క్విజ్ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. నాగావళి, వంశధార, సువర్ణముఖి, జంఝావతి అని నాలుగు జట్లు. మాది జంఝావతి. చివరి ప్రశ్న వరకు మేమూ, నాగావళి వాళ్లూ సమానంగా ఉన్నాము. అప్పుడు సోషల్ సారు ఇలా అడిగారు: "మన రాష్ట్రంలో గిరిజన సంక్షేమానికి ఒక మంత్రి ఉండి తీరాలని రాజ్యాంగంలో రాసి ఉన్నదా, లేదా?"

నేను ఎవరినీ అడగకుండా లేచి నిలబడి "ఉంది సార్" అని గట్టిగా చెప్పేశాను. ఎందుకంటే రాజ్యాంగం పుస్తకంలో ఆ మాట నా కళ్లతో చూశాను. సారు నవ్వి "తప్పు" అన్నారు. నాగావళి వాళ్లకి స్టీలు టిఫిన్ బాక్సులు, మాకు తలొక పెన్ను. నా పక్క బెడ్ అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున "ఏటే, తెలియకపోతే ఊరుకోవచ్చు కదా" అంది.

నాకు తెలియక కాదు, సగమే చదివాను. అందుకని ఈసారి లైబ్రరీలో ఉన్న పుస్తకాలు, పాత పేపర్లు తిరగేసి, సారుని అడిగి పూర్తిగా తెలుసుకున్నాను. నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను.

మంత్రి అంటే ఎవరు?

దసరా సెలవుల్లో మా అమ్మమ్మని అడిగాను, "మంత్రి అంటే ఎవరో తెలుసా" అని. మా అమ్మమ్మ బడి మెట్టు ఎక్కలేదు. "మంత్రం వేసేవోడు. మన ఎజ్జోడు లాంటోడు" అంది. నేను పడీ పడీ నవ్వాను. తిరిగి వచ్చాక తెలుగు మేడం గారికి చెబితే ఆవిడ నవ్వలేదు. "మీ అమ్మమ్మ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. మంత్రం అంటే రహస్యంగా చేసే ఆలోచన అని కూడా అర్థం. అందుకే మంత్రాంగం అంటాం. రాజుకి ఆలోచన చెప్పేవాడు మంత్రి" అన్నారు.

ఇప్పుడు రాజులు లేరు. రాష్ట్రానికి పెద్ద గవర్నరు గారు. కానీ ఆయన తన ఇష్టప్రకారం పాలించరు. రాజ్యాంగం 163వ అధికరణ ప్రకారం ఆయనకు సహాయం చేయడానికి, సలహా ఇవ్వడానికి ముఖ్యమంత్రి నాయకత్వంలో ఒక మంత్రిమండలి ఉంటుంది. పేరుకి సలహా, నిజానికి పాలన అంతా వాళ్లదే. 164వ అధికరణ ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు. మిగతా మంత్రులను ముఖ్యమంత్రి చెప్పినవారినే గవర్నరు నియమిస్తారు. అనగా మంత్రుల జాబితా ముఖ్యమంత్రి చేతిలో ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో అవసరం అవుతుంది.

మన స్కూల్లో కూడా ఫుడ్ మినిస్టరు, హెల్త్ మినిస్టరు, క్లీనింగ్ మినిస్టరు ఉన్నారు కదా. సాంబారు నీళ్లలా ఉంటే ఫుడ్ మినిస్టర్ని అడుగుతాము. ఎవరికైనా జ్వరం వస్తే హెల్త్ మినిస్టరు వెళ్లి ఏఎన్ఎం గారిని పిలుచుకొస్తుంది. రాష్ట్రంలో కూడా అంతే. ఒక్కొక్కరికి ఒక్కొక్క శాఖ: హోం, ఆర్థికం, రెవెన్యూ, విద్య, వైద్యం, గిరిజన సంక్షేమం వగైరా. కానీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ ఏ ఒక్క మంత్రి చేసిన పనికైనా మంత్రులందరూ కలిసి శాసనసభకు జవాబు చెప్పాలి. దీనినే సమష్టి బాధ్యత అంటారు. సభలో అవిశ్వాస తీర్మానం నెగ్గితే ఒక్కరు కాదు, అందరూ దిగిపోవలసిందే.

మొదటి మంత్రులు

మన తెలుగువాళ్లకు మొదట్లో సొంత మంత్రివర్గం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1937లో రాజాజీ ప్రధానమంత్రిగా మద్రాసులో మంత్రివర్గం ఏర్పడింది. (ఆ రోజుల్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని కూడా ప్రధానమంత్రి అనేవారు.) అందులో టంగుటూరి ప్రకాశం పంతులు గారు రెవెన్యూ మంత్రి, వి.వి.గిరి గారు కార్మిక శాఖ మంత్రి, బెజవాడ గోపాలరెడ్డి గారు స్థానిక పరిపాలన మంత్రి. తరువాత గిరి గారు రాష్ట్రపతి కూడా అయ్యారు. ప్రకాశం గారు 1946లో ఆ మద్రాసు రాష్ట్రానికే ప్రధానమంత్రి అయ్యారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ప్రకాశం గారే మొదటి ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. ఆ మంత్రివర్గం ఎక్కువ కాలం నిలవలేదు. మద్యనిషేధం గొడవ మీద 1954 నవంబరులో అవిశ్వాసం పెడితే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు! మేము క్విజ్‌లో ఒక్క మార్కుతో ఓడిపోయినప్పుడు సారు ఈ కథే చెప్పి ఓదార్చారు. 1955 ఎన్నికల తరువాత గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు.

అటు హైదరాబాదు రాష్ట్రంలో 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్ర రాష్ట్రము, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. సంజీవరెడ్డి గారు తొలి ముఖ్యమంత్రి.

కలవడానికి ముందే, 1956 ఫిబ్రవరి 20న, రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. దానిని పెద్దమనుషుల ఒప్పందం అంటారు. అందులో మంత్రివర్గం గురించి కూడా ఉంది. మంత్రుల్లో ఆంధ్ర వారు 60 శాతం, తెలంగాణ వారు 40 శాతం ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. కానీ సంజీవరెడ్డి గారి మొదటి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి పదవే లేకుండా పోయింది. ఒప్పందం అమలు కాలేదన్న బాధ తెలంగాణలో పెరిగి, 1969లో పెద్ద ఉద్యమం అయింది.

దీనిలో మనం నేర్చుకోవలసినది ఏమిటంటే, మంత్రివర్గంలో ఎవరికి చోటు ఇస్తారు అన్నది చిన్న విషయం కాదు. చోటు ఇస్తామని మాట అనుకోవడం వేరు, చట్టంలో ఉండడం వేరు. ఈ తేడా తెలియకే నేను క్విజ్‌లో ఓడిపోయాను.

కొందరు ముఖ్యమంత్రులు, కొన్ని సంగతులు

అందరి పేర్లూ రాస్తే ఈ చార్టు చాలదు. ముఖ్యమైనవి మాత్రం రాస్తాను.

1960 జనవరిలో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు జిల్లాలో పేద ఇంట పుట్టినవారు. దేశంలోనే మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన.

1971లో పి.వి.నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం సమయాన ఆయన మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. డిసెంబరులో జలగం వెంగళరావు గారు వచ్చేవరకు, సుమారు పదకొండు నెలలు, మంత్రులే లేకుండా రాష్ట్రం నడిచింది. పి.వి. గారు ఆ తరువాత 1991లో దేశానికే ప్రధానమంత్రి అయ్యారు.

1980లో టి.అంజయ్య గారు ముఖ్యమంత్రి అయినప్పుడు మంత్రుల సంఖ్య 61కి చేరింది. దానికి పేపర్ల వాళ్లు జంబో మంత్రివర్గం అని పేరు పెట్టారు. అంటే మన భోజనాల హాల్లో రెండు వరుసలు నిండేటంత మంది!

1983 జనవరి 9న ఎన్.టి.రామారావు గారు హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణం చేశారు. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించి, ఆయన మంత్రివర్గంలోనే ఆర్థిక మంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావు గారిని ముఖ్యమంత్రిని చేశారు. జనం ఊరుకోలేదు. సరిగ్గా నెల రోజులకి, సెప్టెంబరు 16న, రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనే 1989 ఫిబ్రవరిలో తన మంత్రులందరినీ ఒకేసారి తీసేసి కొత్త వాళ్లను పెట్టుకున్నారు. మంత్రుల జాబితా ముఖ్యమంత్రి చేతిలో ఉంటుంది అన్నాను కదా, దానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎంతమంది ఉండవచ్చు?

61 మంది మంత్రులు ఉన్నా అప్పట్లో తప్పు కాదు, ఎందుకంటే ఇంతమందే ఉండాలని రాజ్యాంగంలో లేదు. 2003లో 91వ సవరణ వచ్చింది. దాని ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు శాసనసభ సభ్యుల్లో 15 శాతానికి మించకూడదు. చిన్న రాష్ట్రమైనా 12 మందికి తగ్గకూడదు.

లెక్కలు ఇష్టమైనవారు ఇక్కడ పెన్ను తీయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 294 మంది ఎన్నికైన సభ్యులు. 15 శాతం అంటే 44. 2014 జూన్ 2న రాష్ట్రం రెండు అయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, అనగా 26 మంది మంత్రులు. తెలంగాణలో 119 మంది, అనగా 18 మంది మంత్రులు.

ఉప ముఖ్యమంత్రి గురించి కూడా ఒక మాట. ఈ పదవి రాజ్యాంగంలో లేదు. వారు కూడా మంత్రిగానే ప్రమాణం చేస్తారు. అది గౌరవం కోసం ఇచ్చే పేరు. అందుకే ఒక్కరే ఉండాలని లేదు. 2019 జూన్‌లో మన రాష్ట్రంలో ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు అయ్యారు.

ఇప్పుడు నా తప్పు జవాబు

164వ అధికరణలో మొదటి భాగంలోనే ఒక వాక్యం ఉంది. కొన్ని రాష్ట్రాల్లో గిరిజన సంక్షేమానికి బాధ్యుడైన ఒక మంత్రి ఉండాలి, ఆ మంత్రికి షెడ్యూల్డు కులాల సంక్షేమం, వెనుకబడిన తరగతుల సంక్షేమం, లేదా వేరే పని కూడా అప్పగించవచ్చు అని దాని భావం. నేను లైబ్రరీలో చూసింది ఇదే. "గిరిజన సంక్షేమ మంత్రి ఉండాలి" అన్నంతవరకు చదివి సంతోషపడి పుస్తకం మూసేశాను. ఏ రాష్ట్రాల్లో అన్నది చూడలేదు.

1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు అక్కడ మూడు పేర్లు ఉన్నాయి: బీహారు, మధ్యప్రదేశ్, ఒరిస్సా. 2000లో బీహారు నుంచి జార్ఖండ్, మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్ విడిపోయాయి. బీహారులో గిరిజనులు చాలా తక్కువైపోయారు. అందుచేత 2006లో 94వ సవరణ చేసి బీహారు పేరు తీసేసి, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ పేర్లు చేర్చారు. ఇప్పుడు నాలుగు: ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశా.

ఆంధ్రప్రదేశ్ లేదు. తెలంగాణ లేదు.

ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. మా మేనత్తని రాయగడ వైపు ఇచ్చారు. అది ఒడిశా. మా ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య ఒక కొండ, ఒక గెడ్డ, అంతే. కందికొత్తలకి వాళ్లు ఇటు వస్తారు, మేము అటు వెళ్తాము. మాట ఒకటే, పండగ ఒకటే, పోడు ఒకటే. కానీ గెడ్డ దాటితే మా బావకి గిరిజన సంక్షేమ మంత్రి ఉండి తీరాలని రాజ్యాంగంలో ఉంది. గెడ్డకి ఇటు పక్క నాకు లేదు.

ఇదే సారుని అడిగాను. ఆయన రెండు వైపులా చెప్పారు. 1950 నాటికి ఆంధ్ర రాష్ట్రమే పుట్టలేదు, మనం మద్రాసులో ఉన్నాం. అలాగే 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలో గిరిజనులు నూటికి 22 మందికి పైగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 7 మందే. "తక్కువ మంది ఉన్నారు కాబట్టి అవసరం లేదనుకోవచ్చు. తక్కువ మంది ఉన్నారు కాబట్టే ఎక్కువ అవసరం అని కూడా అనుకోవచ్చు. నువ్వు ఏది అనుకుంటావో నువ్వే ఆలోచించు" అన్నారు. నేను రెండోదే అనుకుంటున్నాను. ఎక్కువ మంది ఉన్న చోట వాళ్ల ఓట్లే గట్టిగా మాట్లాడతాయి. తక్కువ మంది ఉన్నచోట రాసిపెట్టిన మాట కావాలి.

ఇంకొక సంగతి కూడా గమనించాను. గిరిజన సంక్షేమానికి ఒక మంత్రి ఉండాలి అన్నారు గానీ, ఆ మంత్రి గిరిజనులే కావాలి అని ఆ నాలుగు రాష్ట్రాలకు కూడా రాయలేదు.

రాయకపోతే ఏమవుతుంది?

రాయకపోయినా మన రాష్ట్రంలో గిరిజన సంక్షేమ శాఖ ఉంది, మంత్రులూ ఉంటూ వచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో 2009 నుంచి పాడేరు ఎమ్మెల్యే పసుపులేటి బాలరాజు గారు ఆ శాఖ చూశారు. కానీ రాయలేదు కాబట్టి ఎప్పుడూ గిరిజనులే ఉంటారన్న నమ్మకం లేదు.

2014 జూన్‌లో విడిపోయిన ఆంధ్రప్రదేశ్ మొదటి మంత్రివర్గం ఏర్పడింది. అందులో గిరిజనులు ఒక్కరూ లేరు. అధికారంలోకి వచ్చిన పార్టీకి 7 ఎస్టీ స్థానాల్లో ఒక్కటే వచ్చింది. అదొక కారణం అంటారు. గిరిజన సంక్షేమ శాఖని ఇతర మంత్రులు చూశారు. నాలుగేళ్లు దాటి ఇలాగే నడిచింది. (పార్టీల మంచిచెడ్డలు గోడపత్రికలో రాయకూడదని వార్డెన్ మేడం ముందే చెప్పారు. నేను జరిగింది మాత్రమే రాస్తున్నాను.)

2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని మావోయిస్టులు డుంబ్రిగుడ మండలంలో కాల్చి చంపారు. ఆ నవంబరు 11న సర్వేశ్వరరావు గారి కుమారుడు శ్రావణ్ కుమార్ గారు మంత్రిగా ప్రమాణం చేశారు. గిరిజన సంక్షేమ శాఖ ఆయనకి ఇచ్చారు. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు, ఎమ్మెల్సీ కాదు.

"ఎమ్మెల్యే కాకుండా మంత్రి ఎలా అవుతారు?" అని మీకు అనుమానం రావాలి. అవ్వచ్చు. 164వ అధికరణలోనే నాలుగో భాగం ప్రకారం ఏ సభలోనూ సభ్యుడు కానివారు కూడా మంత్రి కావచ్చు. కానీ ఆరు నెలల్లోగా సభ్యుడు కావాలి. కాకపోతే పదవి పోతుంది. శ్రావణ్ కుమార్ గారి విషయంలో అదే జరిగింది. 2019 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి గానీ, ఓట్ల లెక్కింపు మే 23న. ఆరు నెలల గడువు దానికంటే ముందే వచ్చేసింది. అందుచేత మే నెలలో ఆయన రాజీనామా చేశారు.

ఇది చదివినప్పుడు నాకు ఒక రకంగా అయింది. నాలుగేళ్ల పైన ఎదురు చూస్తే మనకి ఒక మంత్రి వచ్చారు. వచ్చింది తండ్రి చనిపోయిన తరువాత. ఉన్నది ఆరు నెలలు కూడా కాదు.

2019 జూన్‌లో కురుపాం ఎమ్మెల్యే పాముల పుష్పశ్రీవాణి గారు గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. నేను పైన రాసిన ఐదుగురు ఉప ముఖ్యమంత్రుల్లో ఆవిడ ఒకరు. 2022 ఏప్రిల్‌లో ఆమె స్థానంలో సాలూరు ఎమ్మెల్యే పీడిక రాజన్నదొర గారు, ఆయన కూడా ఉప ముఖ్యమంత్రిగా. 2024 జూన్ 12న సాలూరు నుంచే గెలిచిన గుమ్మిడి సంధ్యారాణి గారు మహిళా శిశు సంక్షేమం, గిరిజన సంక్షేమం శాఖల మంత్రిగా ప్రమాణం చేశారు.

మీరు గమనించారా? కురుపాం, సాలూరు రెండూ మన పార్వతీపురం మన్యం జిల్లాలోవే. రాష్ట్రంలో ఎస్టీలకు కేటాయించిన 7 స్థానాలు పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అందులో మొదటి మూడు మన జిల్లావి. మన హాస్టల్ పిల్లల ఊళ్లు చాలావరకు ఈ మూడింటిలోనే ఉన్నాయి. అనగా మనం పెద్దయ్యాక వేసే ఓటు ఎమ్మెల్యేకి మాత్రమే కాదు, కాబోయే మంత్రికి కూడా కావచ్చు.

తెలంగాణలో 12 ఎస్టీ స్థానాలు ఉన్నాయి. అక్కడ 2014 జూన్ 2న తొలి మంత్రివర్గం ఏర్పడితే, ములుగు ఎమ్మెల్యే అజ్మీరా చందూలాల్ గారు గిరిజన సంక్షేమ మంత్రిగా వచ్చింది డిసెంబరులో. 2019 సెప్టెంబరులో సత్యవతి రాథోడ్ గారు ఆ శాఖకు మంత్రి అయ్యారు. 2023 డిసెంబరు 7న ములుగు ఎమ్మెల్యే సీతక్క గారు మంత్రి అయ్యారు. ఆమె కోయ గిరిజనురాలు. అసలు పేరు దనసరి అనసూయ. ఒకప్పుడు అడవిలో ఉద్యమంలో ఉండి, బయటికి వచ్చి లా చదివి, 2022లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. ఆమెకి ఇచ్చింది గిరిజన సంక్షేమం కాదు, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమం. ఇది నాకు బాగా నచ్చింది. గిరిజనులు అంటే గిరిజన శాఖ ఒక్కటే ఎందుకు చూడాలి? రోడ్లు, పంచాయతీలు, హోం, ఆర్థికం, ఏదైనా చూడగలరు.

మంత్రి ఉంటే మనకేమిటి?

నా పక్క బెడ్ అమ్మాయి ఈ వ్యాసం చదివి "ఎవరు మంత్రి అయితే మనకేటే, అన్నం వండేది అక్కలే కదా" అంది. దానికి జవాబుగా రెండు ఉదాహరణలు చెబుతాను.

ఒకటి. 1971లో పి.వి. గారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. చదువు, తిండి, పడక అంతా బడిలోనే. అది బాగుందని తరువాత అలాంటివి చాలా వచ్చాయి, గిరిజన పిల్లలకూ వచ్చాయి. ప్రభుత్వంలో ఉన్నవాళ్లు ఒక గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయం అన్నమాట. ఇప్పుడు ఎంతోమంది పిల్లలు దాని వల్ల చదువుకుంటున్నారు.

రెండు. మంత్రివర్గం గానీ, మంత్రి గానీ తీసుకున్న నిర్ణయం జీవో అనే కాగితంగా వస్తుంది. మంత్రి పేరు మీద కాదు, గవర్నరు గారి పేరు మీద వస్తుంది. 2000 సంవత్సరం జనవరి 10న జీవో నంబరు 3 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని. దాని వల్ల మన ఊళ్ల అక్కలు, అన్నయ్యలు ఎందరో టీచర్లు అయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోని కొట్టివేసింది. నూటికి నూరు ఇవ్వడం రాజ్యాంగం ఒప్పుకోదు అంది. మా చిన్నక్క బీఈడీ చదువుతోంది. ఆ జీవో గురించి మా ఇంట్లో ప్రతి సెలవులకీ మాట వస్తుంది. ఒక జీవో రావడానికి, పోయిన తరువాత దాని స్థానంలో ఏమి చేయాలో ఆలోచించడానికి, మంత్రివర్గం గదిలో మన ఊళ్లు తెలిసినవారు ఒకరు కూర్చుని ఉంటే వేరుగా ఉంటుందని నా నమ్మకం. మన పిల్లలు మొదటి తరగతిలో టీచరు మాట అర్థంకాక ఏడవడం చూసినవారు ఒకరు ఉండాలి.

ఒకటి మాత్రం మనకి రాసిపెట్టి ఉంది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలు ఉన్న రాష్ట్రంలో గిరిజన సలహా మండలి ఉండాలి. సభ్యులు 20 మందికి మించకూడదు, వారిలో సుమారు నాలుగింట మూడు వంతులు గిరిజన ఎమ్మెల్యేలే కావాలి. మంత్రి సంగతి ముఖ్యమంత్రి ఇష్టం. సలహా మండలి సంగతి ఇష్టం కాదు, నియమం. మండలి సమావేశం ఎప్పుడు జరిగింది, ఏమి మాట్లాడారు అని మన పెద్దలు అడగవచ్చు. మా ఊరిలో ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఉన్నదని ఎవరికీ తెలియదు. ఈసారి సెలవుల్లో నేను చెబుతాను. మీరూ మీ ఊళ్లలో చెప్పండి.

ముగింపు

మా జట్టుకి క్షమాపణలు. టిఫిన్ బాక్సులు పోయినది నా తొందర వల్లనే. కానీ ఆ రోజు నేను సరైన జవాబు చెప్పి ఉంటే ఇదంతా చదివేదాన్ని కాదు. మనకి ఉన్నదని అనుకున్నది లేదని తెలిసింది. ఉన్నదని తెలియనిది ఉన్నదని తెలిసింది. రెండూ తెలుసుకోవలసినవే.

మా అమ్మమ్మకి కూడా చెప్పాను. "మంత్రి అంటే మంత్రం వేసేవాడు కాదు, ఆలోచన చెప్పేవాడు. మనోళ్లు ఒకరు అక్కడ ఉండాలని రాసి లేదు" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని "నీకు రాయడం వచ్చు కదే" అంది. నాకు ఇంకా దానికి జవాబు దొరకలేదు.

ఇక మీకు మూడు ప్రశ్నలు. జవాబులు వచ్చే సంచికలో.
1. 91వ సవరణ ఇప్పుడు ఉన్నట్టే 1980లో కూడా ఉండి ఉంటే, 294 మంది సభ్యుల సభకు అంజయ్య గారు ఎంతమంది మంత్రులను తగ్గించుకోవలసి వచ్చేది?
2. సభ్యులు కానివారు ఎన్ని నెలల వరకు మంత్రిగా ఉండవచ్చు?
3. 2006లో 164వ అధికరణ నుంచి తీసేసిన రాష్ట్రం పేరేమిటి?

జవాబులు చీటీ మీద రాసి భోజనాల హాలు పక్కన ఉన్న డబ్బాలో వేయండి. పూర్తిగా చదివి రాయండి. నాలాగా సగం చదివి రాయకండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, జంఝావతి జట్టు